మన తండా చరిత్ర మనమే రాసుకోవాలె



డిగ్రీలో చరిత్ర ప్రాజెక్టుకు నేను రాజుల కథ తీసుకోలేదు. జహీరాబాద్ దగ్గరి మా తండానే తీసుకున్న. మా ఇంట్ల కాలేజీకి వచ్చింది నేనే మొదలు. పుస్తకాల్లో మా తండా లేదు, ఇంట్ల దాదీ ఉంది.

మన పెద్దలు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంట దేశమంతా తిరిగినోళ్లు. 19వ శతాబ్దంలో రైళ్లు, రోడ్లు వచ్చి ఆ బేరం పోయింది. ఇగ తండాలేసుకొని సాగుకు దిగిండ్రు.

భూమి సంగతికి 1954-55 ఖాస్రా పహాణీ చూడాలె. నిజాం కాలం కాగితాలు ఉర్దూలో ఉంటయి, చదివే పెద్దమనిషిని పట్టుకోవాలె. దున్నినోళ్ల పేర్లన్నీ పట్టాల ఉండవు. వంశం సంగతి ఢాడీలను అడగాలె, గోత్రాల వరుస పాడి చెప్పేది వాళ్లే.

దాదీ పుట్టిల్లు బీదర్ దిక్కు. 1976 సవరణ చట్టంతో తెలంగాణ లంబాడీలు ఎస్టీలైనరు. కర్ణాటకలో మనోళ్లు ఎస్సీలు. అంటే నేను ఎస్టీ, దాదీ తమ్ముని మనుమడు ఎస్సీ. కాగితం మమ్మల్ని రెండు చేసింది, దాదీ యాది ఒక్కటిగ ఉంచింది.

మొన్న దాదీ తన తాత పేరు మరిచిపోయింది. ఇంకెవ్వరికీ తెల్వదు. ఈ సెలవులకు ఇంటికి పోతే, ఫోన్ల రికార్డింగ్ పెట్టి మీ పెద్దోళ్లను అడగండి. ఆ పేర్లు ఏ ఆఫీసుల దొరకయి.