రాజుగారి విగ్రహం, పెరట్లో తూటాలు

ఈ రోజు ఎపిసోడ్‌లో ఇంట్లో సీసం కరిగించి తుపాకీ గుళ్ళు పోయడం గురించి మాట్లాడుకుందాం. ఎలా పోయాలో నేర్పడానికి కాదండోయ్, ఒక కథ చెప్పడానికి. యుద్ధం అనగానే మనకి సైన్యాధిపతులూ గుర్రాలూ గుర్తొస్తాయి. ఆ తుపాకుల్లో వేసిన గుండు ఎవరి చేతిలో తయారైందని మనం అడగం. ఈ రోజు అదే అడుగుదాం.

న్యూయార్క్‌లో బౌలింగ్ గ్రీన్ అని చిన్న పార్కు ఉంది. పక్కనే ఆ ప్రసిద్ధమైన ఇత్తడిరంగు ఎద్దు విగ్రహం. మనవాళ్ళు ఎవరెళ్ళినా దాంతో ఫోటో దిగి వస్తారు. నేనూ దిగాను. కానీ అక్కడ నిజంగా చూడాల్సింది పార్కు చుట్టూ ఉన్న ఇనుప కంచె. అది 1771 నాటిది. ఒకప్పుడు ఆ కంచె లోపల ఇంగ్లండు రాజు మూడో జార్జి గుర్రం మీద కూర్చుని ఉండేవాడు. సీసంతో పోత పోసి, పైన బంగారు పూత పూసిన విగ్రహం. లండన్ శిల్పి జోసెఫ్ విల్టన్ చేశాడు. 1770లో నిలబెట్టారు.

విచిత్రం ఏమిటంటే, ఆ విగ్రహాన్ని న్యూయార్క్ వాళ్ళే అడిగి పెట్టించుకున్నారు. స్టాంపు పన్ను చట్టాన్ని 1766లో రద్దు చేశారన్న కృతజ్ఞతతో. అంటే దండ వేసిన చేతులే పదేళ్ళు తిరక్కుండా తాడు వేసి లాగాయన్నమాట.

1776 జులై 9న స్వాతంత్ర్య ప్రకటనని న్యూయార్క్‌లో ఉన్న వాషింగ్టన్ సైనికులకి చదివి వినిపించారు. ఆ సాయంత్రమే సైనికులూ, నావికులూ, ఊరి జనమూ కలిసి బౌలింగ్ గ్రీన్ మీద పడ్డారు. విగ్రహం కూలింది. వాషింగ్టన్‌కి ఇది నచ్చలేదు. ఉత్సాహం మంచిదే గానీ ఇలా అల్లరిమూకలా చేయకూడదని మర్నాడే ఉత్తర్వుల్లో మందలించాడు.

అయితే కూలిన సీసాన్ని మాత్రం ఎవరూ పారేయలేదు. ఎందుకంటే సీసానికి అంత కరువుగా ఉంది. న్యూయార్క్‌లో ఇళ్ళ కిటికీలకి బరువుగా వేలాడే సీసపు దిమ్మల్ని కూడా ఊడదీసి తీసుకున్న రోజులవి. ఇక్కడ చూస్తే దాదాపు 4,000 పౌన్లు, అంటే సుమారు 1,800 కిలోల సీసం రోడ్డు మీద పడి ఉంది!

అందులో ఎక్కువ భాగం కనెక్టికట్‌లోని లిచ్‌ఫీల్డ్ అనే ఊరికి చేరింది. అక్కడ ఆలివర్ వోల్కాట్ ఇల్లు. ఈయన ఆ తర్వాత స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టినవాళ్ళలో ఒకడు. విగ్రహం ముక్కల్ని పెరట్లోని ఆపిల్ తోటలో గొడ్డలితో నరికారని ఆ కుటుంబంలో చెప్పుకునేవారు. ఆ తర్వాత పని ఆడవాళ్ళదీ పిల్లలదీ.

పని ఎలా ఉండేదో చెప్తాను. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది, కాబట్టి మామూలు కట్టెల మంట చాలు. పైన తేలిన తెట్టుని గరిటెతో తీసేయాలి. పటకారులాగా తెరుచుకునే రెండు చెక్కల మూస ఉంటుంది. కరిగిన సీసాన్ని దాంట్లో పోసి, గట్టిపడగానే తెరిస్తే గుండు బయట పడుతుంది. పోసిన చోట చిన్న తోక మిగులుతుంది, దాన్ని కత్తిరించాలి. కరిగిన సీసంలో ఒక్క నీటిచుక్క పడినా ఆవిరై పేలి ముఖాన చిమ్ముతుంది. ఆ తర్వాత సన్నటి కర్రకి కాగితం చుట్టి, గుండు పెట్టి, మందు పోసి, మడిచి కట్టాలి. అప్పుడది తూటా.

ఇది చదువుతున్నప్పుడు నాకు మా మేనత్త గుర్తొచ్చింది. మాది జగిత్యాల వైపు. అత్తమ్మ ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుట్టేది. మాట మాట్లాడుతూనే ఉండేది, వేళ్ళు మాత్రం ఆగేవి కావు. సాయంత్రానికి కట్టలు కట్టి లెక్క అప్పజెప్పేది. ఎన్ని వందలన్నది పుస్తకంలోకి ఎక్కేది.

వోల్కాట్ గారి కాగితాల్లోనూ అచ్చం అలాంటి లెక్కే ఉంది. రూత్ మార్విన్ 11,592. వోల్కాట్ కూతురు మేరీ ఆన్ 10,790. ఇంకో కూతురు లారా 8,378. మిసెస్ మార్విన్ 6,058. మిసెస్ బీచ్ 1,802. కొడుకు ఫ్రెడరిక్ 936. "మరికొందరు" 2,182. ఇవి కాక స్థానిక దళానికి ఇచ్చినవి 50, ఒక రెజిమెంటుకి ఇచ్చినవి 300. మొత్తం 42,088. నేను కూడి చూశాను, సరిగ్గా సరిపోయింది.

మేరీ ఆన్ వయసు అప్పటికి 11 ఏళ్ళు. ఫ్రెడరిక్‌కి 8. సీసం పొగ, ధూళి పిల్లల మెదడుకి ఏం చేస్తాయో ఇవాళ మనకి తెలుసు. ఇంత మోతాదు దాకా ఫరవాలేదు అనే హద్దే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. కాబట్టి ఈ కథని ముచ్చటగా మాత్రమే చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు.

ఇంకో లెక్క చూడండి. ఆ రోజుల్లో తుపాకీని బట్టి పౌను సీసానికి 14 నుంచి 18 గుళ్ళు వచ్చేవి. అంటే 42,088 గుళ్ళకి సుమారు 2,300 నుంచి 3,000 పౌన్లు చాలు. మరి మిగతా విగ్రహం ఏమైంది? తలని రాజభక్తులు చేజిక్కించుకుని ఇంగ్లండు పంపించారు. కొన్ని ముక్కలు దారిలోనే మాయమయ్యాయి. 1871లో కనెక్టికట్‌లో ఒక చిత్తడి నేలలో గుర్రం తోకతో సహా కొన్ని దొరికాయి. దొరికిన ఊరి పేరు కూడా విల్టనే, శిల్పి పేరే! ఆ తోక ఇప్పుడు న్యూయార్క్ హిస్టారికల్‌లో ఉంది.

చరిత్రలో విగ్రహం కూల్చిన గుంపుకి బొమ్మలు గీశారు, పుస్తకాల్లో చోటిచ్చారు. మంట దగ్గర కూర్చున్నవాళ్ళకి దొరికింది ఒక లెక్క కాగితం. అదైనా దక్కింది, కాబట్టే రెండున్నర శతాబ్దాల తర్వాత రూత్ మార్విన్ పేరు నేను మీకు చెప్పగలిగాను. మిసెస్ బీచ్‌కి ఆ కాగితంలో సొంత పేరు లేదు. "మరికొందరు" అన్నవాళ్ళకి అసలు పేరే లేదు.

మా అత్తమ్మ లెక్క పుస్తకం ఎప్పుడో చెదలు తినేసింది. మీ ఇంట్లో అలాంటి పాత పుస్తకం, చీటీ ఏదైనా ఉంటే దయచేసి పారేయకండి. ఇవాళే ఒక ఫోటో తీసి పెట్టుకోండి, పక్కన ఆ మనిషి పూర్తి పేరు రాయండి.

వచ్చే ఎపిసోడ్‌లో మళ్ళీ కలుద్దాం. సెలవు.