నాయుడుపేట ఫార్మా ప్లాంట్‌లో మొదటి వారం: ఆ రూల్స్ ఎక్కడి నుంచి వచ్చాయి?

ఈ రోజు ముందు మీరొక పని చేయాలి. ఇంట్లో ఉన్న ఏదో ఒక మాత్రల షీట్ తీసి వెనక్కి తిప్పండి. చీమల్లాంటి అక్షరాల్లో ‘మాన్యుఫాక్చర్డ్ బై’ అని ఒక పేరు ఉంటుంది. చాలా షీట్ల మీద దాని కింద ‘మార్కెటెడ్ బై’ అని ఇంకో పేరు కూడా కనిపిస్తుంది. టీవీలో యాడ్ వచ్చేది రెండో పేరుకి. నిజంగా మాత్ర చేసింది మొదటి పేరు. ఇదే కాంట్రాక్ట్ తయారీ. బ్రాండ్ ఒకరిది, మెషిన్లు ఇంకొకరివి. క్వాలిటీ బాధ్యత మార్కెట్ చేసేవాళ్ళకీ ఉంటుందని మన డ్రగ్స్ రూల్స్‌లో తెచ్చిన మార్పు అమల్లోకి వచ్చింది 2021 మార్చి 1న. అంటే నిన్నమొన్నే.

ఇప్పుడు నాయుడుపేట వెళ్దాం. స్వర్ణముఖి ఒడ్డున, చెన్నై హైవే మీదున్న ఊరు. 2022 ఏప్రిల్ దాకా నెల్లూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా. పక్కనే మేనకూరులో ఏపీఐఐసీ సెజ్ ఉంది. అరబిందో గ్రూపుకి చెందిన ఏపీఎల్ హెల్త్‌కేర్ ప్లాంట్ ఉన్నది అక్కడే. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల కుర్రాళ్ళకి పని అంటే వరి పొలమో, రొయ్యల చెరువో, లేకపోతే చెన్నై బస్సో. ఇప్పుడు డిగ్రీ కెమిస్ట్రీ, బీఫార్మసీ, ఐటీఐ చేసినవాళ్ళు షిఫ్ట్ బస్సు ఎక్కుతున్నారు.

నేను సాఫ్ట్‌వేర్ జాబ్‌లో చేరిన రోజు ల్యాప్‌టాప్ ఇచ్చారు, ఒక బ్యాగ్ ఇచ్చారు, ఫోటో తీశారు. వారంలో కోడ్ ముట్టుకున్నాను. ఫార్మాలో అలా కుదరదు. మొదటి కొన్ని రోజులు మెషిన్ దగ్గరికే రానివ్వరు. కూర్చోబెట్టి ఎస్ఓపీలు చదివిస్తారు. చదివాక సంతకం, తర్వాత పరీక్ష. గౌను ఏ వరసలో వేసుకోవాలి, తల వెంట్రుక ఒక్కటి కూడా బయటికి రాకుండా క్యాప్ ఎలా పెట్టాలి అన్నది ఒక పాఠం. రికార్డులో తప్పు రాస్తే వైట్‌నర్ పూయకూడదు. తప్పు కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ వేయాలి. రాయకపోతే ఆ పని జరగనట్టే లెక్క.

కొత్తగా చేరినవాడికి ఇదంతా చాదస్తంగానే ఉంటుంది. మన వాళ్ళ భాషలో చెప్పాలంటే ‘ఓవరాక్షన్’. కానీ ఒక్కో రూల్ వెనక ఒక్కో కథ ఉంది.

1940 డిసెంబర్, అమెరికా. విన్‌త్రాప్ అనే కంపెనీ సల్ఫాథయాజోల్ అనే ఇన్ఫెక్షన్ మందు చేసేది. నిద్ర, ఫిట్స్‌కి వాడే ఫినోబార్బిటాల్ కూడా చేసేది. ఎక్కడో కలిసిపోయింది. ఇన్ఫెక్షన్ మాత్ర అనుకుని వేసుకున్నవాళ్ళ ఒంట్లోకి మత్తు మందు వెళ్ళింది. చనిపోయినవాళ్ళు, దెబ్బతిన్నవాళ్ళు కలిపి వందల్లో ఉన్నారు. కెమిస్ట్రీ తెలియక జరిగింది కాదిది, రెండు ఉత్పత్తుల్ని వేరుగా ఉంచకపోవడం వల్ల జరిగింది. ఇప్పుడు ప్యాకింగ్ లైన్‌లో ‘లైన్ క్లియరెన్స్’ అంటారు చూడండి, పాత బ్యాచ్ మాత్ర ఒక్కటి కూడా మిగల్లేదని చూసి సంతకం పెడితేనే కొత్త బ్యాచ్ మొదలవుతుంది. దాని భయం సరిగ్గా ఇదే.

తర్వాత థాలిడోమైడ్ గొడవ. దాంతో 1962లో అమెరికా చట్టం మార్చింది, 1963లో మొదటి జీఎంపీ రూల్స్ వచ్చాయి. 1978లో వాటిని తిరగరాశారు. అందులో 211.25 అనే సెక్షన్ ఉంది. ప్రతి మనిషికీ తను చేసే నిర్దిష్టమైన పనిలో శిక్షణ ఉండాలి, అర్హత ఉన్నవాళ్ళే నేర్పాలి, ఒక్కసారి నేర్పి వదిలేయకుండా కొనసాగిస్తూ ఉండాలి అంటుంది. అమెరికాకి మాత్ర పంపే ప్లాంట్ మేనకూరులో ఉన్నా, న్యూజెర్సీలో ఉన్నా ఇదే రూల్. మన షెడ్యూల్ ఎమ్‌ని కూడా 2023 చివర్లో కొత్తగా నోటిఫై చేశారు.

మరి మన తెలుగువాళ్ళకి ఈ పని ఎవరు నేర్పారు? హైదరాబాద్ ఐడీపీఎల్. 1961లో పెట్టిన ప్రభుత్వ సంస్థ, సోవియట్ సాయంతో కట్టింది. డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డి అక్కడ పనిచేసినవారే. ఐడీపీఎల్ మూలన పడింది కానీ, అందులో పని నేర్చుకున్నవాళ్ళు బయటికొచ్చి కంపెనీలు పెట్టారు, ఆ కంపెనీల్లో నేర్చుకున్నవాళ్ళు ఇంకొన్ని పెట్టారు. 1970 పేటెంట్ చట్టం మందుల మీద ప్రోడక్ట్ పేటెంట్ తీసేయడంతో వాళ్ళకి దారి దొరికింది. 2005లో ఆ పేటెంట్ తిరిగొచ్చింది. మీ మందు మేం కాపీ కొట్టం, మీకోసమే చేసిపెడతాం అనే వ్యాపారం అప్పటికే ఉంది. మురళి దివి 1990లో మొదలుపెట్టిన దివీస్ పెద్ద కంపెనీలకి అలా కస్టమ్ సింథసిస్ చేసే పేరుతోనే ఎదిగింది.

కాంట్రాక్ట్ పనిలో ఒక తేడా ఉంది. మీ సొంత క్యూఏ మాత్రమే కాదు, కస్టమర్ కూడా ఆడిట్‌కి వస్తాడు. బ్యాచ్ రికార్డులో ఒక సంతకం చూపించి, ఈ మనిషి ఆ తేదీకి ఈ ఎస్ఓపీలో ట్రైన్ అయ్యాడా, చూపించు అంటాడు. ఎస్ఓపీ కొత్త వెర్షన్ 5వ తేదీన అమల్లోకొచ్చి, ఇతని ట్రైనింగ్ సంతకం 8న ఉంటే, మధ్య మూడు రోజుల పనికి జవాబు చెప్పాలి. మా గిట్ కమిట్ హిస్టరీ కూడా ఇంత నిక్కచ్చిగా ఉండదు, ఒట్టు.

ఇక్కడిదాకా అంతా మాత్ర భద్రత. మరి మాత్ర చేసే మనిషి భద్రత?

ఆ చరిత్ర భోపాల్ దగ్గర మొదలవుతుంది. 1984 డిసెంబర్ 2 రాత్రి గ్యాస్ లీకయ్యే నాటికి ఆ ప్లాంట్‌లో ఖర్చు తగ్గించడానికి మనుషుల్ని, వాళ్ళ శిక్షణని కుదించేశారు. ఆ తర్వాతే, 1987లో ఫ్యాక్టరీల చట్టంలో ప్రమాదకర ప్రక్రియల మీద కొత్త అధ్యాయం చేర్చారు. 2025లో ఆ చట్టం రద్దయ్యేదాకా అందులో ఉన్న 41బి: ఏ కెమికల్ వల్ల ఏ ప్రమాదం ఉందో యాజమాన్యం కార్మికులకి చెప్పి తీరాలనేది. 41హెచ్: ప్రాణాపాయం ఉందని గట్టిగా అనిపిస్తే కార్మికుడు దాన్ని యాజమాన్యం దృష్టికి, ఇన్‌స్పెక్టర్ దృష్టికి తీసుకెళ్ళొచ్చని, అది అతని హక్కని చెప్పేది. మొదటి వారం ట్రైనింగ్ స్లైడ్లలో ఇది ఎంతమంది చూసుంటారు?

2024 ఆగస్టు 21, అచ్యుతాపురం సెజ్, ఎసెన్షియా. సాల్వెంట్ లీకై, ఆవిరి పేలి 17 మంది చనిపోయారు. 2025 జూన్ 30, పాశమైలారం, సిగాచీ. మాత్రల్లో కలిపే సెల్యులోజ్ పొడి చేసే చోటు. 40 మందికి పైగా పోయారు, వాళ్ళలో చాలామంది ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్ నుంచి పనికొచ్చినవాళ్ళు.

నాకు కోపం తెప్పించేది ఒకటే. మాత్ర విషయంలో సంతకం మూడు రోజులు ఆలస్యమైతే కోట్ల ఆర్డర్ పోతుందన్న భయం ఉంది, కాబట్టి ట్రైనింగ్ పక్కాగా జరుగుతుంది. మనిషి విషయంలో ఆ భయం అంత లేదు. పైగా ఎస్ఓపీ ఇంగ్లీషులో, చదివేవాడికి తెలుగో ఒడియానో వచ్చు. సంతకం మాత్రం పడుతుంది. లేబర్ కాంట్రాక్టర్ ద్వారా వచ్చి డ్రమ్ములు మోసే మనిషికి ఆ డ్రమ్ములో ఏముందో, ఒంటి మీద పడితే ముందు ఏం చేయాలో అతని భాషలో చెప్పడానికి గంట పడుతుంది.

కొత్తగా చేరబోయే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, గౌనింగ్ నేర్పేటప్పుడే మూడు అడగండి. ఈ హాల్లో ఏ సాల్వెంట్ వాడతారు, దాని సేఫ్టీ షీట్ ఎక్కడుంది, సైరన్ మోగితే ఏ గేటు వైపు పరిగెత్తాలి. సిగ్గుపడొద్దు. నాయుడుపేట, మేనకూరు వైపు పనిచేస్తున్నవాళ్ళు చూస్తుంటే, ఈ మూడింటిలో మీకు మొదటి వారంలో ఎన్ని చెప్పారో కామెంట్‌లో రాయండి. కంపెనీ పేరు వద్దు, నంబర్ చాలు.