ఆలస్యంగా తొడిగిన నల్లకోటు

అలంపూర్ చుట్టూ సీడ్ పత్తి చేలల్లో వంగి పూలకి క్రాసింగ్ చేసేది ఎక్కువగా ఆడవాళ్ళే. కంపెనీ తరఫు ఆర్గనైజర్‌తో ఒప్పందం మాట్లాడేది మాత్రం మగవాళ్ళు. ఇక్కడ కావలసింది వాణిజ్య న్యాయం తెలిసిన ఆడవకీలు. ప్రభుత్వరంగ కొలువులో ఉన్న స్త్రీ వకీలు కావాలంటే ముందు జీతం వదులుకోవాలి. ఇంటి బాధ్యతలు తీరి ఆ తెగింపు వచ్చేసరికి సగం వయసు గడిచిపోతుంది.

కొర్నేలియా సొరాబ్జీ 1904లో బెంగాల్ కోర్ట్ ఆఫ్ వార్డ్స్‌లో చేరి ఘోషా స్త్రీల ఆస్తి వ్యవహారాలు చూసింది. 1921లో అలహాబాద్ హైకోర్టు వకీలుగా చేర్చుకునేనాటికి ఆమెకి 54 ఏళ్ళు. 1923 చట్టం దేశంలోని స్త్రీలందరికీ ఆ తలుపు తీసింది. 45 దాటినవాళ్ళకి బార్ కౌన్సిల్ 1993లో దాన్ని మూసేసింది. 1995లో సుప్రీంకోర్టు ఆ నియమాన్ని కొట్టేసింది.

ఇల్లు చక్కబెట్టి ఆలస్యంగా బయల్దేరేది ఎవరో, ఆ నియమం రాసినవాళ్ళకి తోచలేదా?