ఎవరికోసమో వేసిన వల

ఆ వల దానికోసం వేసింది కాదు. అయినా అందులో అదే పడింది. పడింది మళ్లీ పైకి రాలేదు. కథంతా ఇంతే. ముగింపు తెలిసీ చెప్పుకోవలసిన కథ ఇది.

మెక్సికోలో, కాలిఫోర్నియా సింధుశాఖ ఉత్తరపు కొసన, కొలరాడో నది ఒకప్పుడు సముద్రాన్ని చేరిన చోట, నీళ్లు బురదబురదగా ఉంటాయి. ఆ కాసిని నీళ్లలో తప్ప లోకంలో మరెక్కడా లేని ప్రాణి వకీతా. డాల్ఫిన్లకు దూరపు చుట్టం. పొడవు ఒకటిన్నర మీటరు. కళ్ల చుట్టూ కాటుక దిద్దినట్టు నల్లటి వలయాలు, పెదవుల మీదా అదే నలుపు. స్పానిష్‌లో ఆ పేరుకు బుల్లి ఆవు అని అర్థం. పడవ చప్పుడైతే చాలు, తప్పుకుపోయేంత బిడియం. 1958లో దానికి శాస్త్రీయ నామం పెట్టింది కూడా పుర్రెలను చూసే. మనకు ముందు పరిచయమైనవి దాని ఎముకలే.

అవే నీళ్లలో టొటోవాబా అనే పెద్ద చేప ఉంది. మన తీరంలో కచిడి పడిన రోజు ఆ ఇంట పండగే కదా, దాని గాలితిత్తికి అంత ధర. టొటోవాబాదీ ఆ కుటుంబమే. దాని తిత్తికి చైనాలో పలికే ధర ముందు 1975 నాటి వేట నిషేధం నిలవలేదు. వసంతంలో ఆ చేపలు గుడ్లు పెట్టడానికి వస్తాయి. వకీతాలు ఈనేదీ అప్పుడే.

ఆ చేపకోసం వేసే గిల్‌నెట్ నీళ్లలో గోడలా నిలబడుతుంది. సన్నటి నైలాన్ దారం, కంటికి ఆనదు. చేపకు నీళ్లలోనే ఊపిరి. వకీతా మనలాగే పైకొచ్చి పీల్చుకోవాలి. రెక్క ఒక్కటి చిక్కితే, గింజుకున్నకొద్దీ దారం బిగుస్తుంది. పైన గాలి కొన్ని బారల దూరంలోనే ఉంటుంది.

ఆపగలిగిన రోజులు లేకపోలేదు. 1993లో ఆ ప్రాంతాన్ని జీవావరణ రక్షిత ప్రాంతం చేశారు. 1997లో లెక్కిస్తే దాదాపు 567 ఉన్నాయి. అప్పుడైనా వలలు ఒడ్డెక్కి ఉంటే! 2008కి దాదాపు 245. 2015లో గిల్‌నెట్లను నిషేధించేనాటికి అరవై. మరుసటి ఏడాదికి ముప్పై. రొయ్యల వలే కూడుపెట్టే ఇళ్లు అక్కడా ఉన్నాయి. పరిహారం కొందరి చేతులకే అందింది. చీకటి పడ్డాక వలలు దిగుతూనే ఉన్నాయి.

2017లో, మిగిలినవాటిని పట్టి కాపాడదామనుకున్నారు. మొదట ఒక పిల్ల దొరికింది. అది బెదిరిపోతుంటే వదిలేశారు. నవంబరులో ఒక పెద్ద ఆడది దొరికింది. దానికోసం నీటిపై కట్టిన ఆవరణకు ‘గూడు’ అనే అర్థమొచ్చే పేరు పెట్టుకున్నారు. అందులో అది తల్లడిల్లింది. వదిలినా కోలుకోలేదు. పశువైద్యులు గంటల తరబడి పెనుగులాడారు. గుండె ఆగిపోయింది. కాపాడాలని చాచిన చేతుల్లోనే పోయింది.

ఇంకా కొన్ని ఉన్నాయి. వలలు లేకపోతే ఈ జాతి నిలదొక్కుకోగలదని 2022లో దాని జన్యువులను చదివినవారు చెప్పారు. 2023లో గాలిస్తే పది నుంచి పదమూడు కనిపించాయి, వాటిలో పిల్ల కూడా ఉంది. మరుసటి ఏడాది కనిపించినవి ఆరు నుంచి ఎనిమిది.

ఆ పిల్ల ఈ పూట కూడా ఊపిరికోసం పైకి రావాలి. గాలి ఎప్పటిలా అక్కడే ఉంది. మధ్యలో కొన్ని బారల నీళ్లు, ఎవరికోసమో వేసిన వల.