లావోసు రాయబారము

తెలుగువారు నలుగురు కూడిన చోటనెల్ల రాయబార ఘట్టమునకు ఆదరము కలదు. తిరుపతి వేంకట కవుల పాండవ నాటకములను సంఘముల రంగస్థలములపై చూచి పెరిగిన వారము గదా! అయితే శ్రీకృష్ణుడు యుద్ధమునకు ముందు వెళ్ళెను. నేటి రాయబారములు పెక్కు యుద్ధము మొదలైన పిమ్మట బయలుదేరును. “ముందు కాల్పులు ఆపుడు, తగవు పిదప తీర్చుకొనవచ్చును” అనుటయే వాని సారాంశము. అట్టివానిలో మన దేశము ప్రధాన బాధ్యత వహించిన 1961-62 నాటి లావోసు వ్యవహారమును పాఠకుల ముందుంచుచున్నాను.

లావోసు సముద్రతీరము లేని కొండల దేశము. 1954 జెనీవా ఒప్పందముల అమలును పర్యవేక్షించుటకు భారతదేశము అధ్యక్షతన, కెనడా, పోలండులు సభ్యులుగా అచట ఒక అంతర్జాతీయ కమిషను ఏర్పడెను. 1958 జూలైలో లావోసు ప్రభుత్వము కోరికపై అది తన పని నిలిపివేసెను. రెండేండ్లకే, 1960 ఆగస్టు 9న, కాంగ్ లే అను యువ కెప్టెను తటస్థ విధానము కావలెనని తిరుగుబాటు చేసెను. డిసెంబరులో అమెరికా అండగల ఫూమీ నోసవన్ సేనలు రాజధాని వియంత్యాన్‌ను పట్టుకొనెను. సోవియట్ విమానములు కాంగ్ లే పక్షమునకు సామగ్రి చేరవేయసాగెను. పాథెట్ లావో దళములకు ఉత్తర వియత్నాం తోడుండెను. మూడు పక్షములకు ముగ్గురు రాకుమారులు పెద్దలు: తటస్థులకు సువన్న ఫూమా, పాథెట్ లావోకు సుఫనువోంగ్, మితవాదులకు బూన్ ఊమ్. వీరిలో మొదటి ఇరువురు ఒకే తండ్రి బిడ్డలు. దాయాదుల పోరు మనకు కొత్త కాదు. కాని ఇచట దాయాదుల వెనుక అగ్రరాజ్యములు నిలిచియుండెను.

కమిషనును పునరుద్ధరింపవలెనని నెహ్రూగారు 1960 డిసెంబరులోనే సూచించిరి. నెలల తరబడి ఉత్తర ప్రత్యుత్తరములు జరిగిన పిదప, జెనీవా సమావేశపు సహాధ్యక్షులైన బ్రిటను, సోవియట్ దేశములు 1961 ఏప్రిల్ 24న కాల్పుల విరమణకు విజ్ఞప్తి చేసెను. నాలుగు దినములకు కమిషను ఢిల్లీలో సమావేశమయ్యెను. మే ప్రారంభమున ఇరుపక్షములు కాల్పులు నిలుపుడని తమ సేనల కాజ్ఞాపించెను. సమర్ సేన్ అధ్యక్షతన కమిషను లావోసు చేరి, కాల్పులు చాలవరకు ఆగినవని నివేదించెను. ఆ నివేదిక ఆధారముగా మే 16న జెనీవాలో 14 దేశముల సమావేశము ఆరంభమయ్యెను. మన పక్షమున వి.కె. కృష్ణమీనన్ పాల్గొనిరి.

అసలు చిక్కు అప్పుడే మొదలయ్యెను. కాల్పులు ఆగినవే గాని, ఎవరు ఎచట నిలువవలెనో తేల్చు రేఖ లేదు. జూన్ మొదటి వారమున పడోంగ్ అను కొండ స్థావరము పాథెట్ లావో పక్షము వశమయ్యెను. జెనీవా సమావేశములు కొన్ని దినములు స్తంభించెను. కమిషనుకు కొండలలో తిరుగుటకు చాలినన్ని విమానములు, హెలికాప్టర్లు లేవు. ఉన్నచోట పక్షముల అనుమతి లేదు. పాశ్చాత్య దేశములు కమిషనుకు స్వేచ్ఛగా తిరుగు అధికార ముండవలెననగా, సోవియట్ పక్షము ఏకాభిప్రాయము కావలెనని పట్టుపట్టెను.

1962 మేలో నామ్ థా పట్టణము పతనమైన పిదప రాజీకి తొందర కలిగెను. జూన్ 12న ముగ్గురు రాకుమారులు సంకీర్ణ ప్రభుత్వమున కంగీకరించిరి. జూలై 23న జెనీవాలో లావోసు తటస్థతపై సంతకములు జరిగెను. విచారణ ఆరంభించుటకు కమిషనులో ఆధిక్యము చాలును. కాని లావోసు ప్రభుత్వపు సమ్మతి కావలెను, ముఖ్య నిర్ణయములు ఏకగ్రీవముగా నుండవలెను. ఆ ప్రభుత్వములోనే మూడు పక్షములుండగా సమ్మతి దొరకుట ఎట్లు?

విదేశీ సేనలు అక్టోబరు 7 లోపున నిష్క్రమింపవలెను. తనిఖీ కేంద్రముల మీదుగా 666 మంది అమెరికనులు వెళ్ళిరి. ఉత్తర వియత్నాం వారు వెళ్ళినది కేవలము 40 మంది. వేల కొలది అడవులలోనే నిలిచిరి. అమెరికా కూడ పిదప రహస్యముగా కొండజాతుల దళములను పోషించెను. 1963 ఏప్రిల్ 1న విదేశాంగ మంత్రి కినిమ్ ఫోల్సెనా హత్యకు గురియయ్యెను, సంకీర్ణము చీలెను. 1964 నుండి 1973 వరకు ఆ చిన్న దేశముపై 20 లక్షల టన్నులకు మించిన బాంబులు పడెను. 1975 డిసెంబరులో రాచరికము అంతరించెను. సుఫనువోంగ్ అధ్యక్షుడు కాగా, అన్నగారు సువన్న ఫూమా ఆ ప్రభుత్వమునకు సలహాదారు అయ్యెను.

అయినచో ఆ రాయబారము వ్యర్థమా? కాదని నా అభిప్రాయము. 1961 వసంతమున అగ్రరాజ్యములు లావోసు గడ్డపై ముఖాముఖి తలపడకుండ అది ఆపినది. కాని కాగితముపై ఆగిన యుద్ధము నేలపై ఆగినదో లేదో చూచి చెప్పువారు కావలెను. కమిషనుకు కన్నులిచ్చిరి, కాళ్ళు ఈయలేదు. దస్త్రములతో దినము గడపు మనకు ఇందొక హెచ్చరిక కలదు. “ఉల్లంఘన ఏదియు దృష్టికి రాలేదు” అని వ్రాయుట సులభము. చూచుటకు ఎవరైనను వెళ్ళిరా అని అడుగుట కష్టము. ఆనాడు ఎవ్వరును చూడని అడవులలో పడిన బాంబులు పేలక మిగిలి, నేటికిని లావోసు పొలములలో పిల్లలను, రైతులను బలిగొనుచున్నవి.