పిస్తోలు సుత్తిని దించు విధములు

నేఁడు నేను ముచ్చటింపఁబోవునది యుద్ధములఁ గూర్చి కాదు. సిపాయి నడుమున వ్రేలాడు పిస్తోలు వానికే ముప్పు తేకుండుటకై యంత్రశిల్పులు పన్నిన యుపాయములఁ గూర్చి.

తనంతటఁ దూటాను నింపుకొను పిస్తోలులో నొక చిక్కు కలదు. ఒకసారి ప్రేలఁగానే పైతొడుగు వెనుకకు జరిగి, చిన్న సుత్తిని మరల నెక్కించి, గొట్టములోనికిఁ గ్రొత్త తూటాను త్రోయును. కాల్పు ముగిసినను సుత్తి యెక్కుపెట్టిన విల్లువలె నిలిచియే యుండును. తలుపునకు గడియ వేయుట యొకటి. ఎత్తిన రోకలిని దెబ్బ తగులకుండ దించుట మఱియొకటి. ఈ రెండు పనులకును వేర్వేఱు దేశములు వేర్వేఱు మార్గములు త్రొక్కినవి.

1911లో అమెరికా సైన్యము స్వీకరించిన కోల్టు పిస్తోలును జాన్ బ్రౌనింగు నిర్మించెను. దానికి గడియలు రెండు. పిడిని గట్టిగాఁ బట్టిననే గాని ట్రిగ్గరు పనిచేయదు; బొటనవ్రేలి మీటను పైకెత్తిన సుత్తి యెక్కినచోటనే బిగియును. కాని దించు సాధనము లేదు. సుత్తిని వ్రేలితోఁ బట్టుకొని, ట్రిగ్గరు నొక్కి, మెల్లగా దింపవలెను. వ్రేలు జాఱెనా, తూటా ప్రేలును. పిడి యప్పుడు చేతిలోనే యుండును గనుక పిడిగడియ యక్కఱకు రాదు.

జర్మనీలో వాల్తరు సంస్థ 1929లో వెలువరించిన పీపీ పిస్తోలు ఈ చిక్కును విప్పెను. పైతొడుగుమీఁది మీటను త్రిప్పిన సుత్తి తానే దిగును; దాని వ్రేటు తూటాను చేరదు. మరలఁ గాల్చవలసినపుడు మీటను విడిపించి ట్రిగ్గరును దీర్ఘముగ లాగిన నదియే సుత్తిని లేపి విడుచును. 1938లో జర్మను సైన్యము చేకొన్న పీ 38 లోను నిదియే పద్ధతి.

1975 నాఁటికి మూఁడు పిస్తోళ్లు, చూపునకు సోదరులవంటివి, వెలువడినవి. చెకోస్లొవేకియా వారి సీజెడ్ 75 నకు గడియ మాత్రమే; సుత్తిని చేతితోనే దింపవలెను. ఇటలీ వారి బెరెట్టా 92 మొదట నట్లే యుండి, పోలీసుల కోర్కెపై 92ఎస్ గా మాఱి, ఒకే మీటతో దించుటయు గడియ వేయుటయు నేర్చెను. ఈ జాతిదే 1985లో అమెరికా సైన్యమున కోల్టు స్థానము నాక్రమించెను. స్విట్జర్లాండు సైన్యము గైకొన్న సిగ్ పీ 220 నకు దించు మీటయే కాని గడియ లేదు. ట్రిగ్గరును పూర్తిగా లాగునంతవఱకు లోని సూది కదలదు. ఆ దీర్ఘమైన లాగుడే దానికిఁ గాపుదల.

ఏది మేలు? గడియ యున్నచో, పిస్తోలును లాగికొన్న దుండగుఁడు వెంటనే కాల్చలేఁడు. కాని ప్రాణాపాయమున దానిని విప్ప మఱచిన సిపాయియుఁ గాల్చలేఁడు. గడియ లేనిచో మఱచుటకేమియు లేదు; లాగికొన్నవానికి నడ్డును లేదు. ఫ్రెంచి జాందార్మెరీ యెన్నుకొన్న బెరెట్టా 92జీ లో మీట సుత్తిని దించి తన చోటికిఁ దానే మరలును. ఇటలీ పిస్తోలే స్విస్సు త్రోవఁ బట్టినదన్నమాట.

2017లో అమెరికా సైన్యము వెలుపలి సుత్తి లేని ఎం 17 ను ఎన్నుకొనెను. దించు సమస్య తొలఁగెను. అయినను బొటనవ్రేలి గడియను మాత్రము వారు విడువలేదు. యంత్ర మెంత మాఱినను, కాల్చ నిశ్చయించువఱకు వ్రేలిని ట్రిగ్గరుపై నుంచరాదను కట్టడి యన్ని పిస్తోళ్లకు నొక్కటియేయని నా మనవి.