పసిఫిక్‌కు ఆవల అమెరికా మెరైన్లు

రెండవ ప్రపంచ యుద్ధంలో అమెరికా మెరైన్ దళం, అనగా నౌకాదళంతో కలిసి నీటిమీదా తీరంమీదా పోరాడే సేన, గ్వాడల్‌కెనాల్, ఇవో జిమా వంటి పసిఫిక్ దీవులలోనే పేరు గడించింది. అయితే అమెరికా యుద్ధంలోకి దిగడానికి ఐదు నెలల ముందే, 1941 జూలైలో, సుమారు 4,000 మంది మెరైన్లు ఐస్‌లాండ్ రాజధాని రేక్యవీక్‌లో దిగారు. అక్కడి బ్రిటిష్ సేనను క్రమంగా వేరే రణరంగాలకు తరలించే వీలు కల్పించడమే వారి పని కనుక, శత్రువుతో తలపడే అవకాశం రాక, ఓడల సరుకు దించుతూ, నిస్సెన్ గుడిసెలు, అంటే ముడతల ఇనుపరేకును అర్ధవలయంగా వంచి కట్టిన కొట్టాలు, నిర్మించుకుంటూ చలికాలం గడిపారు. వారు భుజాన ధరించిన తెల్ల ఎలుగుబంటి చిహ్నం ఆ బ్రిటిష్ సేననుండి పుచ్చుకున్నదే.

ఐరోపా జలాలలో మెరైన్లు ప్రధానంగా యుద్ధనౌకలమీది చిన్న బృందాలుగానే ఉండి, రెండవ శ్రేణి ఫిరంగులను నడిపారు. 1944 జూన్‌లో మిత్రసేనలు ఫ్రాన్స్ తీరాన నార్మండీ వద్ద దిగినప్పుడు మెరైన్ గురికాండ్రు ఓడల పైభాగాన నిలిచి, తేలివచ్చే మందుపాతరలను తుపాకులతో పేల్చివేశారు. అదే ఏడు ఆగస్టు 29న అగస్టా, ఫిలడెల్ఫియా నౌకల మెరైన్లు దక్షిణ ఫ్రాన్స్‌లోని మార్సెయ్ రేవు ఎదుటి దీవులలో దిగారు. వాటిలో ఒకటి డ్యూమా నవలా పాఠకులకు సుపరిచితమైన షాటో దిఫ్ కోట ఉన్న దీవి. ఈ దీవులలో లొంగిన 700 మందికి పైగా జర్మన్లను నిరాయుధులను చేసి, ఆ దీవులను పదాతి సైన్యానికి అప్పగించి, మెరైన్లు తమ ఓడలకు మరలిపోయారు.